మా అత్తయ్యగారి చేతికి నచ్చిన కెమెరా

కెమెరా బాగోగులు రాయడానికి ఈవిడెవరు, ఫోటో స్టూడియో ఏమైనా ఉందా అనుకుంటున్నారేమో! లేదండీ. మాది అనకాపల్లి. మీలాగే పొద్దున్నే లేచి పాలు పొంగకుండా కాపలా కాయడం, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడం, సాయంత్రం మళ్ళీ పొయ్యి ముందు నిలబడడం... ఇదే నా దినచర్య. కానీ ఒక్క మాట చెప్పండి. కుక్కర్ కొనడానికి వెళితే మనం ఏం చూస్తాం? పిడి చేతికి పట్టు దొరుకుతోందా, మూత సులువుగా పడుతోందా, గాస్కెట్టు మన ఊళ్ళో దొరుకుతుందా అనేగా? కెమెరానీ సరిగ్గా అలాగే చూడాలని ఈ మధ్యే నాకు తెలిసొచ్చింది. తెలిసొచ్చేలా చేసింది మా అత్తయ్యగారు. ఆవిడకి 76 ఏళ్ళు. చదువు రెండో తరగతి.

ముందు కెమెరా సంగతి చెప్తాను. 2008 సంక్రాంతికి మా తమ్ముడు సింగపూర్ నుంచి వస్తూ తెచ్చాడు. కెనన్ పవర్‌షాట్ ఎ570 ఐఎస్ అని దాని పేరు. 2007లో వచ్చిన మోడల్. అంతకు ముందు మా ఇంట్లో రీలు కెమెరా ఉండేది. 36 ఫోటోల రీలు వేసి, ఒక్కో ఫోటో పొదుపుగా తీసి, రీలు అయ్యేదాకా ఆగి, స్టూడియోలో కడిగించుకునేవాళ్ళం. కడిగాక చూస్తే సగం మందికి కళ్ళు మూసుకునే ఉండేవి! ఈ కొత్త కెమెరాలో తీసిన మరుక్షణం వెనక అద్దంలో బొమ్మ కనపడేసరికి ఇంటిల్లిపాదీ చుట్టూ మూగిపోయాం.

మా మామయ్యగారు మాత్రం ముచ్చటపడలేదు. ఆయన బెల్లం వ్యాపారం చూసుకునేవారు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు పేరు మీరు వినే ఉంటారు. అక్కడ దిమ్మకి రంగును బట్టే ధర పలుకుతుంది. ట్యూబులైటు కింద తీసిన బెల్లం దిమ్మ ఫోటో చూపిస్తే, కళ్ళజోడు సవరించుకుని, "ఇది మన బెల్లం కాదమ్మా, రంగు తేడాగా ఉంది" అనేశారు! నాకు పౌరుషం వచ్చింది. కెమెరాతో ఇచ్చిన పుస్తకం తిరగేసి చూస్తే, ఎండకి వేరు, మబ్బుకి వేరు, బల్బుకి వేరు, ట్యూబులైటుకి వేరు గుర్తులు ఉన్నాయని తెలిసింది. ట్యూబులైటు గుర్తు పెట్టి మళ్ళీ తీశాను. అప్పుడు "ఊఁ, ఇది మనదే" అన్నారు. నా మొదటి పరీక్ష అలా గట్టెక్కింది. తర్వాతి సంక్రాంతికి గానుగ దగ్గర నిలబెట్టి ఆయన ఫోటో ఒకటి తీశాను. 2011లో ఆయన పోయాక గోడ మీద పటం కట్టించినది ఆ ఫోటోనే.

ఆ తర్వాత ఏముంది, ఫోన్లు వచ్చాయి. అందరి ఇళ్ళలో జరిగినట్టే మా ఇంట్లోనూ కెమెరా బీరువాలో పట్టుచీరల కిందకి చేరిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. మాఘమాసంలో మా అమ్మాయి నిశ్చితార్థం జరిగింది. పళ్ళేలు మార్చుకుంటుంటే పదిమంది పది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. అత్తయ్యగారికీ మనసు పుట్టింది. "నానొకటి తీత్తాను, ఇలగ తెండి" అన్నారు. ఎవరో పిల్లాడు ఫోను చేతిలో పెట్టి, ఇక్కడ నొక్కు మామ్మా అన్నాడు. ఆవిడ నొక్కారు. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కారు. కాలేదు. వేలు తడి చేసుకుని నొక్కితే బొమ్మ మారిపోయి ఇంకేదో వచ్చింది. అందరూ ఘొల్లున నవ్వారు. నిజం దాచడమెందుకు, నేనూ నవ్వాను. ఆవిడ ఫోను తిరిగి ఇచ్చేసి, "నా ఏలంటే దానికి లెక్కనేదు" అని ఓ మూల కుర్చీలో కూర్చున్నారు. మళ్ళీ భోజనాల దాకా మాట్లాడలేదు.

రాత్రి మా అమ్మాయితో అంటే అది చెప్పింది. ఈ ఫోను అద్దాలు మన చర్మం గుండా పారే అతి చిన్న విద్యుత్తును పట్టి పనిచేస్తాయట. పొడిబారి గరుకెక్కిన వేలి కొసల్ని ఒక్కోసారి గుర్తుపట్టవట. తడి వేలైతే అయోమయంలో పడతాయట. ఏళ్ళ తరబడి పొలంలో కలుపు తీసి, పొయ్యిలో పిడకలు ఎగదోసి, అంట్లు తోమి తోమి అరిగిన వేళ్ళు మా అత్తయ్యగారివి. తప్పు ఆవిడది కాదు కదా! అప్పుడు నవ్వినందుకు సిగ్గేసింది నాకు.

"అమ్మా, బీరువాలో మన పాత కెమెరా ఉండాలే?" అంది మా అమ్మాయి. దాని స్నేహితురాళ్ళంతా ఇప్పుడు ఆ 2005, 2010 నాటి చిన్న కెమెరాల కోసం వెతుకుతున్నారట. అందులో తీస్తే ఫోటోకి అదో అందం అట! విచిత్రం కాకపోతే ఏమిటండీ? 2010లో ప్రపంచం మొత్తం మీద కెమెరా కంపెనీలు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపాయట. తర్వాత ఫోన్ల దెబ్బకి చిన్న కెమెరాలు దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పుడు మళ్ళీ కుర్రకారు వాటినే అడుగుతున్నారు.

మొదటి డిజిటల్ కెమెరా సంగతి కూడా అదే చెప్పింది. 1975లో అమెరికాలో కోడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేశాడట. బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క ఫోటో క్యాసెట్టు టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట. మన రుబ్బురోలు నయం అనిపించింది నాకు!

సరే, కెమెరా తీశాం. తుడిచాం. కొత్త సెల్స్ వేసి మీట నొక్కితే కుయ్‌మంటూ లెన్సు బయటికి వచ్చింది. తీసుకెళ్ళి అత్తయ్యగారి చేతిలో పెట్టాను. అప్పటినుంచి మేమిద్దరం కలిసి దానికి పెట్టిన పరీక్షలు ఇవిగో. మీరు ఎప్పుడైనా చిన్న కెమెరా కొనాలనుకుంటే, పాతదైనా కొత్తదైనా, ఇవే పెట్టి చూడండి.

మొదటిది పట్టు. ఈ కెమెరా ఒట్టిది 175 గ్రాములు. సెల్స్ వేస్తే పావుకిలోకి కాస్త తక్కువ. కుడిచేతి వైపు కొంచెం ఉబ్బుగా ఉంటుంది. సెల్స్ కూర్చునేది అక్కడే. అందుకే ఆ ఉబ్బు, మనకి మాత్రం అదే మంచి పిడి అయింది. చూపుడువేలు తిన్నగా మీట మీదకి వస్తుంది. బొత్తిగా పలచగా, నున్నగా ఉండే కెమెరాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, నూనె చేతికి జారిపోతాయి. అత్తయ్యగారు రెండు చేతులా పట్టుకుని, "బెల్లం ముక్కలాగ పట్టు దొరికినాది" అన్నారు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి?

రెండోది మీట. నొక్కితే నొక్కినట్టు వేలికి తెలియాలి. ఈ రకం కెమెరాలన్నిటికీ మీట రెండు మెట్లుగా ఉంటుంది. సగం నొక్కితే ఎదుటి మనిషి మీద చూపు నిలుపుకుంటుంది. పూర్తిగా నొక్కితే ఫోటో తీస్తుంది. ఇది ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తోచలేదు. ఒకేసారి గభాల్న నొక్కేసేవారు, బొమ్మ అలుక్కుపోయేది. చివరికి, "అత్తయ్యా, అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకుని నొక్కి చూస్తారు కదా, ముందు అలా నొక్కండి. కిచ్ అని చప్పుడయ్యాక చిదిమేయండి" అన్నాను. అంతే! మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడోది చూసే కిటికీ. వ్యూఫైండర్ అంటారే, కన్ను ఆనించి చూసే ఆ చిన్న గాజు కన్నం, అదన్నమాట. ఈ కెమెరాలో వెనక రెండున్నర అంగుళాల అద్దమూ ఉంది, పైన ఈ కిటికీ కూడా ఉంది. ఎండలో అద్దం వెలవెలబోయి ఏమీ కనపడదు. కిటికీ ఎండలోనూ పనిచేస్తుంది. శుక్లం ఆపరేషన్ అయిన ఒక్క కంటితో అత్తయ్యగారు అందులోంచి హాయిగా చూస్తారు. ఇంకో లాభం, కెమెరా మొహానికి ఆనుతుంది, మోచేతులు ఒంటికి ఆనుతాయి, చెయ్యి నిలుస్తుంది. అయితే ఒక లోపం. ఇలాంటి కిటికీలో కనపడే దానికంటే ఫోటోలో చుట్టూ కాస్త ఎక్కువే పడుతుంది. ఆ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాలుగోది వణుకు. అత్తయ్యగారికి మూడేళ్ళుగా చేతులు కొంచెం వణుకుతున్నాయి. మజ్జిగ గ్లాసు కూడా రెండు చేతులా పట్టుకుంటారు. మోడల్ పేరు చివర 'ఐఎస్' అని ఉంది చూశారూ, అది ఈ వణుకు కోసమే. లెన్సు లోపలి చిన్న గాజుముక్క ఒకటి మన చెయ్యి కదిలినదానికి ఎదురుగా జరుగుతుంది. నిండు బిందెతో నడిచేటప్పుడు నీళ్ళు తొణక్కుండా నడుం సర్దుకుంటాం చూడండి, అలాగే. మరీ చీకట్లో అదీ ఏమీ చెయ్యలేదు. మామూలు వెలుతురులో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎదుటి మనిషి కదిలితే ఈ ఏర్పాటు ఉపయోగపడదు, అది మన చెయ్యి వణుకునే సర్దుతుంది.

అయిదోది చీకటి. లోపల బొమ్మ పడే పలక కందిపప్పు బద్దంత ఉంటుంది, అంతే. కాబట్టి వెలుతురు తక్కువైతే ఫోటో అంతా ఇసక చల్లినట్టు అవుతుంది. ఫ్లాష్ వెలుగు మూడు మీటర్లు దాటితే పెద్దగా అందదు. ఒక కనుమ నాడు శంకరంలో బొజ్జన్నకొండకి వెళ్ళినప్పుడు గుహలోని బుద్ధుడి విగ్రహాన్ని ఫ్లాష్‌తో తీస్తే పిండిబొమ్మలా వచ్చింది. ఫ్లాష్ ఆపేసి, కెమెరాని రాతి మీద ఆనించి, రెండు సెకన్ల టైమరు పెట్టి తీస్తే నీడలతో సహా ఎంత బాగా వచ్చిందో! ఇంట్లోనూ అంతే. ఫ్లాష్ కంటే కిటికీ పక్కన పడే పగటి వెలుగు మేలు.

ఆరోది మెగాపిక్సెళ్ళు. షాపువాడు ముందుగా చెప్పే అంకె ఇదే. మనం ఆఖర్న చూడాల్సిందీ ఇదే. ఈ కెమెరాకి 7.1 మెగాపిక్సెళ్ళు. పది అంగుళాల వెడల్పు ప్రింటు శుభ్రంగా వస్తుంది. మామయ్యగారి పటమే సాక్ష్యం. జూమ్ చూసేటప్పుడు 'ఆప్టికల్' అన్న అంకె ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. ఇందులో అది నాలుగు రెట్లు. 'డిజిటల్ జూమ్' అంటే ఉన్న బొమ్మనే సాగదీయడం, నీళ్ళు పోసి పులుసు పెంచినట్టు!

ఏడోది సెల్స్. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్స్ రెండు చాలు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ కెమెరా బతికిందంటే సగం కారణం ఇదే. ప్రత్యేకమైన బ్యాటరీ అయితే ఈపాటికి దొరక్క మూలపడేది. అయితే చవక సెల్స్ వేస్తే నాలుగు ఫోటోలకే చేతులెత్తేస్తాయి. ఆల్కలైన్ సెల్స్ గానీ, చార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ గానీ వేయండి. రెండే సెల్స్‌తో నడిచే కెమెరాలు ఏవైనా ఫ్లాష్ వెలిగాక మళ్ళీ సిద్ధం కావడానికి కొంత సమయం తీసుకుంటాయి. ఈలోగా పిల్లలు పారిపోతారు. దానికి ఓపికే మందు!

పాత కెమెరా ఎవరైనా ఇస్తే గానీ, కొనుక్కుంటే గానీ నాలుగు సంగతులు చూడండి. ఒకటి, సెల్స్ పెట్టే అర తెరిచి తెల్లగా, పచ్చగా పొడి కట్టిందేమో చూడండి. సెల్స్ కారి తీగలు తినేసిన గుర్తు అది. రెండు, లెన్సు నాలుగైదు సార్లు బయటికి లోపలికి ఆడించి చూడండి. మధ్యలో ఆగకూడదు. మూడు, కార్డు. మరీ పాతవాటికి 2 జీబీకి మించిన కార్డు పనికిరాదు. పుస్తకంలో ఎస్‌డీహెచ్‌సీ అని ఉంటే 32 జీబీ దాకా వేసుకోవచ్చు. నాలుగు, తారీఖు. ఏళ్ళ తరబడి వాడకపోతే కెమెరా తారీఖు మరిచిపోతుంది. ముందు అది సరిచేయండి. లేకపోతే మనవడి బారసాల ఫోటోలు వాడు పుట్టకముందే తీసినట్టు ఉంటాయి! ఇక, తీయడం మానేసిన రోజున సెల్స్ బయటికి తీసి పెట్టడం మాత్రం మరవకండి.

ఇన్ని పరీక్షలయ్యాక కెమెరా అత్తయ్యగారి సొంతమైపోయింది. దిండు పక్కనే పెట్టుకునేవారు. కొత్త అమావాస్యకి నూకాంబిక అమ్మవారి జాతరకి తీసుకెళ్ళాం. గవరపాలెంలో ఆ జనంలో ఏం తీస్తారులే అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అమ్మవారి గోపురం ఒక్కటి, మిగతావన్నీ మనుషులే. గాజులమ్మే ఆవిడ, చెప్పుల దగ్గర కాపలా ఉన్న ముసలాయన, తల మీద ఘటాలతో నిలబడ్డ ఆడవాళ్ళు. "దేవతని అందరూ తీత్తారు. ఈలనెవులు తీత్తారే?" అన్నారు.

వైశాఖంలో పెళ్ళి. సారెకి అరిసెలు వండుతున్నాం. బెల్లం పాకం దగ్గర ఏమరుపాటు పనికిరాదని మీకు తెలుసు కదా. నేను నీళ్ళ గిన్నెలో చుక్క వేసి ఉండ కడుతుందో లేదో చూస్తున్నాను. చెమట కళ్ళలోకి కారుతోంది. కొంగు బొడ్లో దోపి ఉంది, జుట్టు ముడి జారిపోతోంది. వెనక కిచ్ అని చప్పుడు, ఆ వెంటనే చిన్న టిక్. తిరిగి చూస్తే గుమ్మంలో పీట మీద అత్తయ్యగారు, మొహానికి కెమెరా ఆనించుకుని!

"అయ్యో, ఈ అవతారంలో ఎందుకత్తయ్యా? తుడిపేయండి" అన్నాను.

ఆవిడ తుడిపేయలేదు. "ఇన్నేళ్ళూ అందర్నీ నువ్వే తీసినావు. నిన్నెవులు తీసినారే అమ్మీ?" అన్నారు.

పాకం దింపాల్సిన వేళ. మాట్లాడడానికి లేదు. గరిటె తిప్పుతూ ఉండిపోయాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక కార్డులోవీ, పాత సీడీల్లోవీ ఫోటోలన్నీ కంప్యూటర్‌లో పెట్టి చూశాను. పుట్టినరోజులు, సంక్రాంతి ముగ్గులు, స్కూలు వార్షికోత్సవాలు, మా వారు స్కూటర్ కొన్నది, మామయ్యగారు గానుగ దగ్గర... వాటిలో నేను ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అవీ గ్రూపు ఫోటోల్లో ఓ చివర, కొంగు సర్దుకుంటూ. ఎవరి తప్పూ కాదు. కెమెరా నా చేతిలో ఉండేది. నా చేతిలోంచి దాన్ని తీసుకుని, నువ్వెళ్ళి నిలబడు అనాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అత్తయ్యగారికి ఆ మూల కుర్చీలోంచి తోచింది.

అత్తయ్యగారు తీసిన ఫోటో కొంచెం వంకరగా ఉంది. పక్కన గ్యాస్ బండ సగం పడింది. కిటికీలో కనపడేదానికంటే ఎక్కువ పడుతుందని చెప్పాను చూడండి, అందుకన్నమాట. కానీ పాకం మీద ఆవిరి, నా చేతి గాజులు, నుదుటి మీద చెమట, అన్నీ నిలిచి ఉన్నాయి. ఆ వణికే చేతుల్లో ఒక్క గీత కూడా చెదరలేదు. పెళ్ళి ఆల్బమ్‌లో స్టూడియోవాళ్ళు తీసినవి మూడొందల పైన ఉన్నాయి. అత్తారింటికి వెళ్తూ మా అమ్మాయి పెద్ద ప్రింటు వేయించుకుని పెట్టెలో పెట్టుకున్నది మాత్రం ఈ ఒక్కటే.

ఫోన్లు పనికిరావని నేననడం లేదండీ. నా ఫోను నాకూ కావాలి. ఏ వస్తువైనా మంచిదా కాదా అని అడిగే ముందు ఎవరి చేతికి అని అడగాలని మాత్రం ఈసారి నేర్చుకున్నాను. మీ ఇంట్లోనూ బీరువా కింది అరలో ఇలాంటిది ఒకటి పడి ఉండొచ్చు. తీసి, తుడిచి, రెండు మంచి సెల్స్ వేయండి. ఇంట్లో ఫోను మాట వినని పెద్దవాళ్ళు ఎవరున్నారో చూసి వాళ్ళ చేతిలో పెట్టండి. మెతుకు నొక్కినట్టు నొక్కమని చెప్పండి, చాలు. తీసిన ఫోటోల్ని మాత్రం కార్డులోనే వదిలేయక, నెలకోసారి కంప్యూటర్‌లోకీ, మరో డిస్కులోకీ ఎక్కించి, బాగున్నవి నాలుగు ప్రింటు వేయించండి.

వాళ్ళు మీ ఫోటో తీయబోతే మాత్రం నాలాగ తుడిపేయమనకండి. జుట్టు చెదిరి ఉన్నా, చేతికి పిండి అంటుకుని ఉన్నా, అలాగే నిలబడండి.